ఇల్లే కార్ఖానా

సోలాపూర్ తూర్పు పేటల్లో మన పద్మశాలి ఇండ్లు చూసినవాళ్లకు తెలుసు: ముందు సాంచాలు, వెనక వంట. 1877లో మొదలైన జూనీ మిల్లు, తర్వాత లక్ష్మీ-విష్ణు మిల్లు మూతపడ్డా, చద్దర్ల సాంచాలు ఇండ్లల్లో ఆడుతూనే ఉన్నాయి. వాటి అప్పుకు తాకట్టు పెట్టేదీ ఆ ఇల్లే. నూలు ధర పెరిగి చద్దర్లు కదలకపోతే ఇంటి ధరా పడుతుంది. సాంచాలకని కట్టిన ఇంటిని కొనేది ఇంకో సాంచాలాయనే కదా, ఆయన దగ్గరా పైసల్లేవు!

2002 చట్టంతో బ్యాంకులు కోర్టుకు పోకుండానే తాకట్టు ఇల్లు వేలం వెయ్యొచ్చు. మా తలుపుకు అంటించిన మరాఠీ నోటీసును, కన్నడ బడిలో చదివిన మేమే కూడబలుక్కుని నాయనమ్మకు చెప్పాం. సాంచాలు తూకానికి పోయాయి. మిగిలిన బాకీ ఆమె చుట్టిన బీడీలతో తీరింది.

2006లో కుంభారిలో బీడీ కార్మికులకు 10,000 ఇండ్లు ఇచ్చినప్పుడు, నువ్వెందుకు పేరు ఇయ్యలేదని అడిగాం.

"మనకు ఇల్లున్నది గదరా" అన్నది.