మిద్దె మీది దారి

2018 సెప్టెంబరు 2, ఆదివారం. హైదరాబాద్ పాతబస్తీ, పురానీ హవేలీ. నిజాం మ్యూజియంలో ఉన్నారు మీరు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దుస్తులు దాచిన టేకు బీరువాలు గోడ పొడవునా రెండంతస్తుల ఎత్తున సాగిపోతున్నాయి. చేత్తో తిప్పి పైకి లాగే చెక్క లిఫ్టు కూడా ఉంది. అవి దాటితే అద్దం వెనక మూడు గిన్నెల బంగారు టిఫిన్ క్యారియర్. ఒంటినిండా వజ్రాలు, కెంపులు, పచ్చలు. దాని సరసనే కప్పు, సాసరు, చెంచా. చూపు తిప్పుకోవడం కష్టమే.

అయినా ఒక్కసారి తల పైకెత్తండి. గోడ పైభాగాన ఇనుప కమ్మీల వెంటిలేటర్. వేడిగాలి పోవడానికి పెట్టింది. టికెట్ కొని వచ్చిన వాళ్లెవరూ దాన్ని పట్టించుకోరు. ఇద్దరు మాత్రం ముందే వచ్చి చూసి వెళ్లారు.

చీకటి పడింది. ఇప్పుడు మిద్దె మీద ఉన్నారు. గేటు, కౌంటరు, కాపలా అన్నీ కిందే ఉండిపోయాయి. ఏది గోడ, ఏది తలుపు అన్న లెక్కే ఇక్కడ మారిపోయింది. మనిషి భుజాలు ఎంత సందులో పడతాయి? నేల ఎంత లోతున ఉంది? అడగాల్సినవి ఆ రెండే. కమ్మీలు ఊడొచ్చాయి. తాడు లోపలికి జారింది. తాడు వెంట ఒక మనిషి.

తెల్లారేసరికి అద్దం వెనక ఖాళీ. రెండు వారాలు తిరక్కముందే ఇద్దరూ దొరికారు, సొత్తంతా దొరికింది. వారిలో ఒకడు ఆ క్యారియర్‌లోనే భోజనం చేశాడని పోలీసులు చెప్పారు. ఊరంతా ఆ ముచ్చటే చెప్పుకుంది. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ వెంటిలేటరే.

ఆ రాత్రి సంగతి తెలిశాక వీధిలో నడవండి. సన్‌షేడ్ మెట్టులా కనిపిస్తుంది. డ్రైనేజీ పైపు నిచ్చెనవుతుంది. ప్రహరీ మీద గుచ్చిన గాజుపెంకులు, బాల్కనీల నిండా బిగించిన గ్రిల్స్, ఇవన్నీ దొంగ చూపును ఊహించుకుని మనం కట్టుకున్నవే. నిప్పంటుకుంటే అవే గ్రిల్స్ లోపలివాళ్లను బయటికి రానివ్వవు. ఆ భయం నాకు దొంగ భయం కన్నా పెద్దది.

అందుకే దొంగ భయంతో మ్యూజియం వెంటిలేటర్లు పూడ్చేద్దామన్నా నేను ఒప్పుకోను. పాత కట్టడాలకు గాలి కావాలి. కమ్మీలు గట్టివి వేయించండి, కాపలా మనిషిని రాత్రి ఒకటి రెండుసార్లు మిద్దె కూడా ఎక్కి రమ్మనండి.