ఓడినవాని చేదు గిన్నె

ఉగాది సంబరములలో పంచాంగ శ్రవణము, పిల్లల పాటలు, పెద్దల ఉపన్యాసములు ముగిసిన పిమ్మట ఆటల పోటీలు వచ్చును. కుర్చీలాట కానిండు, అంత్యాక్షరి కానిండు, పొడుపుకథలు కానిండు, ఓడినవారికి ఏదో ఒక శిక్ష ఉండవలెనని పిల్లలు పట్టుబట్టుదురు. మన చిన్ననాట అది గుంజిళ్ళు తీయుటయో, గెలిచినవానిని వీపున మోయుటయో అయి ఉండెడిది. ఇప్పుడు కాకరకాయ రసమో, ఉప్పు కారము కలిపిన నిమ్మనీళ్ళో ఒక గ్లాసులో పోసి ఓడినవారిచేత త్రాగించుట వేడుకగా ఉన్నది. త్రాగినవారి మొగము ఆముదము త్రాగిన మొగమగును. చుట్టునున్నవారు విరగబడి నవ్వుదురు.

ఈ వేడుక నేటిది కాదు. దీనికి రెండువేల ఏండ్లకు పైబడిన చరిత్ర కలదు. అందులో నవ్వు పుట్టించు ఘట్టములు ఉన్నవి. నవ్వు ఆగిపోవు ఘట్టములును ఉన్నవి. మేము చరిత్ర పండితులము కాము. మెట్రిక్కుతో చదువు చాలించి రైల్వే లెక్కలు వ్రాసికొను గుమాస్తాలము. అయినను బళ్ళారి వంటి సరిహద్దు సీమలో పిల్లలను పెంచుకొనుచున్న తెలుగు కుటుంబములకు ఈ కథ పనికివచ్చునని తలచి, చదివి తెలిసికొన్న నాలుగు సంగతులు మనవి చేయుచున్నాము.

ప్రాచీన గ్రీకు దేశములో విందు ముగిసిన తరువాత అతిథులు నీరు కలిపిన ద్రాక్షాసవమును సేవించుచు ఒకరినొకరు పొడుపుకథలు అడుగుకొనెడివారు. విప్పినవానికి పూలదండయు, పదిమంది మెప్పును లభించెడివి. విప్పలేనివాడు తన పానీయములో ఉప్పునీరు కలిపించుకొని, మధ్యలో ఊపిరి తీయకుండ గిన్నె ఖాళీ చేయవలెను. అరిస్టాటిల్ శిష్యుడగు క్లియర్కస్ ఈ సంగతి వ్రాసినాడు. క్రీ.శ. 200 ప్రాంతములవాడైన అథీనియస్ దానిని తన గ్రంథములో ఉదహరించుటచే మన వరకు వచ్చినది. ఆట శిక్షగా రుచిలేని పానీయము ఇచ్చుటకు ఇంతకంటె స్పష్టమైన పాత సాక్ష్యము మేము చదివినంతలో కనబడలేదు.

చైనాలో క్రీ.శ. 353లో వాంగ్ షీజీ అను ప్రసిద్ధ లేఖకుడు 40 మందికి పైగా మిత్రులను ఒక సెలయేటి గట్టున కూర్చుండబెట్టెను. మద్యపు గిన్నెలను నీటిపై తేలవిడిచిరి. కవిత చెప్పలేనివారు శిక్షగా త్రాగవలసి వచ్చెను. అందులో చేదు కలుపలేదు. కవిత రాకపోవుటయే వారికి చాలినంత చేదు కాబోలు!

ఈ రెండు సభలలోను త్రాగినవారు పెద్దవారు, తమంత తాము ఆటకు వచ్చినవారు. ఈ పూట నవ్వించినవాడు మఱునాడు నవ్వవచ్చును. అందుచేతనే అది ఆటగా మిగిలినది.

గిన్నె పట్టుకొన్నవాడు ఒక్కడే అయి, త్రాగువానికి కాదను వీలు లేనప్పుడు ఏమగునో ఇటలీ చరిత్ర చెప్పుచున్నది. 1922లో ముస్సోలినీ అధికారమునకు వచ్చుటకు ముందును, వెనుకను, అతని నల్లచొక్కాల దళములు ఎదిరి పక్షములవారిని పట్టుకొని బలవంతముగా ఆముదము త్రాగించెడివి. ఆముదము ప్రేగులను కదలించును. ఎక్కువైనచో విరేచనములతో ఒంటిలోని నీరంతయు పోయి మనిషి కూలబడును. నొప్పి కంటె అవమానము ముఖ్యమని వారి ఎత్తు. నలుగురిలో బట్టలు పాడైనవాడు మరల సభకు వచ్చి మాటలాడలేడని వారి నమ్మకము. చూచినవారిలో నవ్వినవారును ఉండియుందురు. మన అమ్మమ్మలు కడుపు శుద్ధికై బుజ్జగించి, నోటిలో బెల్లపు ముక్క పెట్టి పట్టించిన ఆముదమే అక్కడ హింసాసాధనమైనది. నూనె ఒక్కటే, పట్టించు చేయి వేరు.

మేలు కోరి ఇచ్చిన చేదునకు క్వినైను గొప్ప దృష్టాంతము. సింకోనా చెట్టు దక్షిణ అమెరికాది. దాని బెరడు నుండి క్వినైనును 1820లో పెల్లెటియే, కవాంటూ అను ఇద్దరు ఫ్రెంచివారు వేరుచేసిరి. 1860 తరువాత ఆ చెట్లను మన నీలగిరులలో నాటిరి. మలేరియా దోమ ద్వారా వచ్చునను రహస్యము తెలుగు గడ్డ మీదనే, సికింద్రాబాదులో, 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ కంటబడినది. క్వినైను చేదు భరింపరానిది. అందుచేత దానిని సోడాలోను, పంచదారతోను కలిపి త్రాగుట అలవాటై, ‘టానిక్ వాటర్’ అను పానీయము పుట్టినది. ఇచ్చువాడు త్రాగువాని మేలు కోరినప్పుడు చేదును తగ్గించు ఉపాయము వెదకును. నవ్వు కోరినవాడు చేదును పెంచు ఉపాయము వెదకును. ఈ తేడాను పాఠకులు గమనింప ప్రార్థన.

చేదును చూచి ముఖము ముడుచుట బలహీనత కాదు. ప్రకృతిలో అనేక విషములు చేదుగా ఉండుటచే, నాలుక మనకు కావలివానివలె పనిచేయుచున్నది. చేదును గుర్తించు గ్రాహకములు మానవునిలో సుమారు 25 రకములున్నవని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. పిల్లలకు ఈ చేదు పెద్దలకంటె గట్టిగా తగులునట. పెద్దవాడు నవ్వుచు మింగిన కాకర రసము ఆరేండ్ల పిల్లకు నిజమైన శిక్ష యగును.

ఇక మన బళ్ళారి మాట. ఈ ఊరికి గెలుపు ఓటముల సంగతి బాగుగా తెలియును. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు నాటి బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకును, తక్కిన ఏడు తాలూకాలు మైసూరుకును పోయినవి. బళ్ళారి తాలూకా విషయమై వాంఛూ నివేదిక తరువాత మఱల మిశ్రా విచారణ జరుగవలసి వచ్చినది. ఆ తీర్పు కొందరికి తీపి, కొందరికి చేదు. అయినను తెలుగువారు తట్టాబుట్టా సర్దుకొని వెళ్ళలేదు. తుంగభద్ర కాలువలు పారిన తరువాత కోస్తా జిల్లాల రైతులు కూడ వచ్చి క్యాంపులు కట్టుకొనిరి. మావంటి ఉద్యోగులు గుంతకల్లు మీదుగా రైలెక్కి వచ్చి చేరిరి.

ఓడితిమనుకొన్నవారు, గెలిచితిమనుకొన్నవారు ఒకే వీధిలో కలిసి బ్రదుకుట ఎట్లు సాధ్యమైనది? కారణములు పెక్కు ఉండవచ్చును. వానిలో ఒకటి ప్రతి ఉగాది ఉదయమున మన కంటబడుచునే ఉన్నది. తెలుగు ఇంట వేపపూవు, కొత్త బెల్లము, కొత్త చింతపండు, మామిడి, ఉప్పు, కారము కలిపిన పచ్చడి చేతిలో పడును. ప్రక్క కన్నడ ఇంట అదే ఉదయమున బేవు బెల్ల పంచుదురు. వారి మాటలో బేవు అన్న వేప, బెల్ల అన్న బెల్లము. ఎవరు ఓడిరి అని అడిగి చేదు పంచు ఆచారము ఏ ఇంటను లేదు. కలిపిన ఇల్లాలును తినును, ఇంటి పెద్దయు తినును, చంటివాని నాలుకకును కాస్త రాయుదురు. చేదు అందరి వంతునకు వచ్చినప్పుడు అది శిక్ష కాక పండుగ యగుచున్నది.

ఇది ఎందుకు వ్రాయవలసి వచ్చినదనగా, మన పిల్లలలో పలువురు కన్నడ బడులలోను, ఇంగ్లీషు బడులలోను చదువుచున్నారు. తెలుగు పొడుపుకథ విప్పుటలోను, అంత్యాక్షరిలోను ముందుగా ఓడువారు వారే. పుట్టింటి ఊరి నుండి సెలవులకు వచ్చిన మేనమామ కొడుకు గెలుచును. ఇక్కడ పుట్టిన పిల్ల ఓడును. అట్టి పిల్ల చేతిలో రెండు మూడు పర్యాయములు చేదు గ్లాసు పెట్టి మనము నవ్వినచో, ఆ చేదు కాకరను దాటి తెలుగుకు అంటుకొనును. మఱుసటి ఏట ఆ పిల్ల తల నొప్పియని ఇంటిలోనే ఉండిపోవును. ఒక తరము భాషను పోగొట్టుకొనుటకు ఇంతకంటె సులువైన దారి లేదు.

కావున ఆటను మాన్పింపనక్కరలేదు, పద్ధతిని మార్చుకొందము. చేదు గిన్నెను గెలిచినవాడు ముందు రుచి చూచి, తరువాత ఓడినవానికి అందించవలెను. గ్లాసు వద్దు, ఒక చిన్న చెంచాడు చాలును. వంటింటి వస్తువులే ఉండవలెను: మెంతులు నానిన నీరు, కాకర రసము, చింతపండు పులుసు, వేపపూవు. వేపనూనె పట్టించిన పసిబిడ్డలు మూర్ఛలు వచ్చి ప్రాణాపాయములో పడిన సంగతులు వైద్యులు నమోదు చేసియున్నారు గనుక దానిని దరి చేరనీయరాదు. ఆముదమును, ఉప్పు మెండుగా కలిపిన నీటిని కూడ దూరముగా ఉంచవలెను. మధుమేహమునకు మందులు వాడు పెద్దలను కాకర రసమునకు బలవంతపెట్టరాదు. వద్దన్నవారికి బదులుగా ఒక పాటయో, ఒక సామెతయో చెప్పు వీలుండవలెను; సామెత రాని పిల్లకు ప్రక్కనున్న పెద్దవారు చెవిలో అందింపవలెను. అప్పుడు ఓడిన పిల్ల ఒక కొత్త తెలుగు మాట నేర్చుకొని ఇంటికి పోవును.

ఈ ఏటి ఆటలలో గెలుపొందు బాలబాలికలకు మా అభినందనలు. ఓడువారికి బెల్లపు ముక్క సిద్ధముగా ఉంచుడని తల్లులకు మా మనవి.