వివాహానికి, సభ్యత్వానికి సంఘపు అనుమతి: సరిహద్దు గ్రామాల క్రైస్తవ కుటుంబాలు తెలుసుకోవలసిన విషయాలు

పెండ్లి నిశ్చయమైన ఇంట్లో ముందుగా మండపం కోసం, ఆ తరువాత వంటవారి కోసం తిరుగుతారు. శుభలేఖలు అచ్చయి వచ్చిన తరువాత గాని సంఘకాపరి గారు గుర్తుకు రారు. రెండు భాషలలో ఉత్తరాలు వ్రాయగల ఉపాధ్యాయుడినని మా ఇంటికి వచ్చేవారిలో చాలామంది ఈ పని మీదనే వస్తారు. వారిలో ఎక్కువమంది ముహూర్తానికి పది రోజుల ముందు వస్తారు. అప్పటికి చేయగలిగినది చాలా తక్కువ. అందుచేత ఈ విషయమై తెలిసినంత మేరకు ఒకచోట కూర్చి వ్రాయడం మంచిదని తోచినది.

సరిహద్దులో ఉన్నవారికి ఈ చిక్కు మరింత ఎక్కువ. అన్న కుటుంబం బళ్ళారిలో ఉంటే తమ్ముని కుటుంబం అనంతపురం జిల్లాలో ఉంటుంది. హోసూరు అమ్మాయికి కుప్పం సంబంధం, పర్లాకిమిడి అబ్బాయికి పాతపట్నం సంబంధం కుదురుతుంది. భాష ఒకటే, బంధుత్వం ఒకటే, కాని సంఘం వేరు, రాష్ట్రం వేరు. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు, కేరళలలో వ్యాపించి ఉన్నది. ఒడిశా, మహారాష్ట్రలలో 1970 నవంబరు 29న నాగపూరులో ఏర్పడిన ఉత్తర ఇండియా సంఘం (సి.ఎన్.ఐ.) ఉన్నది. ఈ రెండింటికీ పరస్పర సహవాసం ఉన్నందున ఒకరి పత్రాన్ని మరొకరు గౌరవిస్తారు. వీటితో పాటు లూథరన్, బాప్టిస్టు, కథోలిక, పెంతెకొస్తు సంఘాలు ఉండనే ఉన్నవి. ఒక్కొక్కరి పద్ధతి ఒక్కొక్క రకం.

రెండు అనుమతులు

చాలామంది కలగాపులగం చేసే విషయం ఒకటి ఉన్నది. సంఘం ఇచ్చే అంగీకారం వేరు, చట్టం దృష్టిలో వివాహం చెల్లుబాటు కావడం వేరు. సంఘ పెద్దలందరూ సంతోషంగా ఒప్పుకున్నా, పెండ్లి జరిపించిన వ్యక్తికి చట్టప్రకారం అధికారం లేకపోతే ఆ పత్రం రేపు పాస్‌పోర్టుకు గాని, పింఛనుకు గాని పనికిరాకపోవచ్చును.

1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం 5వ సెక్షను ఎవరు వివాహం జరిపించవచ్చునో చెబుతుంది. బిషప్ చేత అభిషేకం పొందిన గురువులు, అనగా కథోలిక ఫాదర్లు, సి.ఎస్.ఐ., సి.ఎన్.ఐ. గురువులు, తమ సంఘ నియమాల ప్రకారం జరిపించవచ్చును. వారికి ప్రత్యేకంగా లైసెన్సు అక్కరలేదు. బాప్టిస్టు, పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాల కాపరులలో అటువంటి అభిషేకం లేనివారికి మాత్రం రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు ఉండవలెను. ఇక్కడనే సరిహద్దువారు జాగ్రత్తపడవలసినది. ఆ లైసెన్సును 6వ సెక్షను కింద ఏ రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చినదో ఆ రాష్ట్రపు హద్దుల లోపలనే అది చెల్లుతుంది. ఆంధ్రలో లైసెన్సు ఉన్న పాస్టరు గారు వాగు దాటి కర్ణాటక గ్రామంలో పందిరి కింద పెండ్లి జరిపిస్తే, బంధువులకు అది వాగు దాటడమే, చట్టానికి మాత్రం రాష్ట్రం దాటడం. అధికారం లేకుండా వివాహం జరిపించడం 68వ సెక్షను ప్రకారం శిక్షార్హమైన నేరం కూడా. కాబట్టి "అయ్యగారూ, మీ లైసెన్సు ఏ రాష్ట్రానిది?" అని అడగడానికి మొగమాటపడవద్దు. మంచి కాపరి తప్పు పట్టుకోరు.

ఆ కాపరి గారే జరిపించవలెనని కుటుంబం కోరుకుంటే రెండు మార్గాలు ఉన్నవి. పెండ్లిని ఆయన లైసెన్సు చెల్లే ఊరిలో జరపవచ్చును. లేదా స్థానికంగా అధికారం గల గురువు ప్రమాణాలు చేయించి సంతకం చేయగా, మీ కాపరి గారు వాక్యోపదేశం, ప్రార్థన చేయవచ్చును. మా ప్రాంతంలో రెండవ పద్ధతే ఎక్కువగా నడుస్తున్నది.

భారతీయ క్రైస్తవులకు ఆ చట్టంలోని 60వ సెక్షను మరొక సులువు చూపినది. 9వ సెక్షను కింద లైసెన్సు పొందిన వ్యక్తి ఎదుట, కనీసం ఇద్దరు నమ్మకమైన సాక్షుల ముందు వధూవరులు ప్రమాణం చేస్తే, ముందస్తు నోటీసు లేకుండానే ధ్రువపత్రం ఇవ్వవచ్చును. వరునికి 21, వధువుకు 18 సంవత్సరాలు నిండి ఉండవలెను; ఇద్దరిలో ఎవరికీ జీవించి ఉన్న భార్య గాని భర్త గాని ఉండరాదు. ఈ పత్రానికి 1872లో పెట్టిన రుసుము నాలుగు అణాలు. ఇప్పుడు వేలలో అడిగేవారు ఉన్నారు. ఆలయానికి కానుక ఇష్టపూర్వకంగా ఇవ్వడం వేరు సంగతి. రుసుము అని అడిగినప్పుడు మాత్రం రసీదు తీసుకొనవలెను.

వివాహ ప్రకటనలు

పెండ్లి సంగతి సంఘం ఎదుట చదివి, అభ్యంతరం ఉన్నవారు తెలుపవలెనని కోరడమే ప్రకటన. సి.ఎస్.ఐ. వంటి సంఘాలలో సాధారణంగా మూడు ఆదివారాలు చదువుతారు. వధూవరులు వేరువేరు సంఘాలకు చెందినవారైతే రెండు చోట్లా చదవవలెను. చదివినట్లు వధువు సంఘం నుండి, వరుని సంఘం నుండి పత్రం రావలెను. లెక్క వేసి చూడండి: మూడు ఆదివారాలు, ఉత్తరం అటూ ఇటూ వెళ్ళడానికి ఒక వారం, మధ్యలో కాపరి గారు ఊరిలో లేని ఆదివారం ఒకటి. రెండు నెలల ముందు కదలనివారికి చివరలో తొందర తప్పదు. శ్రమదినాలలో, ఆగమన కాలంలో పెండ్లిండ్లు జరిపించని సంఘాలు అనేకం ఉన్నవి. తేదీ పెట్టుకొనే ముందే ఆ సంగతి అడగడం మేలు.

ప్రకటన కేవలం లాంఛనం అనుకొనేవారికి ఒక మాట. దూర ప్రాంతంలో పని చేసే వరుని గురించి ఇక్కడివారికి ఏమి తెలుస్తుంది? అక్కడి సంఘంలో మూడు వారాలు పేరు చదివినప్పుడే, ఇంతకు ముందే పెండ్లి అయినదన్న సంగతి బయటపడిన సందర్భం నాకు తెలుసును. ఆ అమ్మాయి ఈనాడు టీచరుగా పని చేస్తున్నది. బలవంతం మీద ప్రకటన మానిపించి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు.

కథోలిక కుటుంబాలలో

విచారణ గురువులు ముందుగా అడిగేది క్రొత్తగా తీసిన జ్ఞానస్నాన పత్రం. ఇరవై ఏళ్ళ క్రితం ఇచ్చిన పాత కాగితం ఇంట్లో ఉన్నా అది చాలదు. జ్ఞానస్నానం పొందిన విచారణ పుస్తకంలోనే భద్రమైన అభ్యంగనం, వివాహం వంటివి పక్కన వ్రాస్తారు. అందుచేత ఇటీవల తీసిన పత్రంలో మాత్రమే ఆ వ్యక్తి అవివాహితుడో కాదో తెలుస్తుంది. పుట్టిన ఊరు ఒక రాష్ట్రం, పెరిగిన ఊరు ఒక రాష్ట్రం అయినవారు ముందుగా ఆ పుస్తకం ఏ విచారణలో ఉన్నదో కనుగొనవలెను. వివాహం సాధారణంగా వధూవరులలో ఒకరి విచారణలో జరగవలెను. వేరొక చోట జరుపుటకు అనుమతి పత్రం కావలెను.

బాప్తిస్మం పొందిన ఇతర సంఘస్థులను వివాహమాడడానికి మేత్రాణుల అనుమతి కావలెను. బాప్తిస్మం పొందనివారిని వివాహమాడడానికి మినహాయింపు అవసరం. అది లేనిదే ఆ వివాహం సంఘం దృష్టిలో చెల్లదు. పిల్లలకు కథోలిక జ్ఞానస్నానం ఇప్పించడానికి తన శక్తి మేరకు ప్రయత్నిస్తానని కథోలికులైనవారు మాట ఇవ్వవలెను. అవతలివారికి ఆ సంగతి ముందే తెలియజేయవలెను. ఇది పెండ్లిపీటల మీద చెప్పే సంగతి కాదు, చూపులనాడే చెప్పవలసినది.

మేనరికం

మన కుటుంబాలలో మేనమామ కూతురిని, మేనత్త కొడుకును చేసుకోవడం తరతరాల ఆచారం. కొన్ని ఇండ్లలో అక్క కూతురిని చేసుకోవడమూ ఉన్నది. కథోలిక సంఘ శాసనం ప్రకారం పక్కవరుస రక్తసంబంధం నాలుగవ తరగతి వరకు వివాహానికి ఆటంకం. మేనత్త, మేనమామ బిడ్డలు నాలుగవ తరగతి, మేనమామ మేనకోడలు మూడవ తరగతి క్రిందికి వస్తారు. ఈ రెండింటికీ మేత్రాణులు మినహాయింపు ఇవ్వగలరు, కాని అడుగకుండా రాదు. బంధుత్వం దాచి పెండ్లి చేస్తే తరువాత ఆ వివాహమే ప్రశ్నార్థకం అగును. ప్రొటెస్టెంటు సంఘాలలో పద్ధతులు భిన్నంగా ఉన్నవి. మేనబావను ఆక్షేపించని సంఘమే మేనమామతో వివాహాన్ని నిరాకరించవచ్చును. వరుస ఏమిటో దరఖాస్తులోనే వ్రాయడం ఉత్తమం.

సభ్యత్వ పత్రం, బదిలీ పత్రం

పెండ్లికి, పిల్లల బాప్తిస్మానికి, చివరకు సమాధుల తోటలో చోటుకు కూడా పెద్దలు చూసేది సభ్యత్వ పుస్తకమే. సి.ఎస్.ఐ., లూథరన్ సంఘాలలో శిశువులకు బాప్తిస్మం ఇస్తారు, పెద్దయిన తరువాత నిర్ధారణ పొంది బల్లకు వస్తారు. బాప్టిస్టు సంఘాలలో విశ్వసించి ముంచుడు బాప్తిస్మం పొందినవారే సభ్యులు. అందుచేత శిశు బాప్తిస్మం పొందిన కోడలు బాప్టిస్టు సంఘంలో చేరేటప్పుడు మరల బాప్తిస్మం తీసుకోమంటారు. ఆమె పుట్టింటి సంఘం దానిని ఒప్పుకోదు. ఇరువైపుల పెద్దలూ పట్టుదలకు పోతే నలిగేది ఆ అమ్మాయే. ఈ విషయం నిశ్చితార్థానికి ముందే ఇద్దరు కాపరులూ కూర్చొని మాట్లాడుకోవలెనని నా అభిప్రాయం.

వలస వెళ్ళిన కుటుంబాలు బదిలీ పత్రం తీసుకోవడం మరచిపోతాయి. బెంగళూరులో పది సంవత్సరాలు ఆరాధనకు వెళ్ళినా పేరు ఊరి పుస్తకంలోనే ఉంటుంది, చందా మాత్రం ఎక్కడా పడదు. తరువాత ఊరి పెద్దలు "బాకీ ఉన్నది" అంటారు, పట్నం పెద్దలు "మీరు సభ్యులు కారు" అంటారు. ఊరు విడిచేనాడే ఒక ఉత్తరం తీసుకుంటే ఈ బాధ లేదు.

పేర్ల విషయం ఉపాధ్యాయునిగా ప్రత్యేకించి చెప్పవలసి ఉన్నది. బడిలో ఒక పేరు, బాప్తిస్మంలో ఒక పేరు, ఆధార్‌లో ఇంటిపేరు వెనుకా ముందూ. సంఘపు పత్రంలో బడి పేరు వ్రాసి, "బాప్తిస్మపు పేరు" అని రెండవది పక్కన చేర్చమని అడగవలెను. పుట్టిన తేదీ పదవ తరగతి మార్కుల పట్టికలో ఉన్నట్లే ఉండవలెను. పత్రం భాష సంగతి కూడా చూసుకొనండి. ఒకసారి కన్నడంలో వ్రాసిన ప్రకటన పత్రాన్ని ఆంధ్రలోని కాపరి గారు చదవలేక పక్కన పెట్టగా పెండ్లి రెండు వారాలు వెనుకకు జరిగినది. తెలుగుతో పాటు ఇంగ్లీషులో కూడా వ్రాయించి ముద్ర వేయించుకొంటే ఎక్కడైనా చెల్లుతుంది.

దరఖాస్తు ఈ విధంగా ఉంటే చాలును:

"గౌరవనీయులైన సంఘకాపరి గారికి, సంఘ పెద్దలకు వందనములు. మా కుమార్తె (పేరు, వయస్సు, బాప్తిస్మము పొందిన తేదీ, స్థలము) వివాహము (వరుని పేరు, తండ్రి పేరు, ఊరు, సంఘము) గారితో ఫలానా తేదీన జరిపించుటకు నిశ్చయించినాము. వరుడు మాకు (వరుస) అగును / బంధువు కాడు. ఇరువురిలో ఎవరికిని ఇంతకు ముందు వివాహము కాలేదు. కావున మూడు ఆదివారములు ప్రకటన చేసి, పత్రము దయచేయవలసినదిగా కోరుచున్నాము. జతపరచినవి: బాప్తిస్మ పత్రము, వయస్సు ధ్రువీకరణ, ఫోటోలు."

ఒక నకలు మీ దగ్గర ఉంచుకొని, అందినట్లు తేదీతో సంతకం చేయించుకొనండి.

అనుమతి రాకపోతే

ముందుగా కారణం వ్రాతపూర్వకంగా అడగవలెను. బాకీ చందా అయితే కట్టి రసీదు పొందవచ్చును. వ్యక్తిగత కక్ష అని తోస్తే సి.ఎస్.ఐ.లో పాస్టరేటు కమిటీకి, ఆ పైన బిషప్ గారికి, బాప్టిస్టు సంఘాలలో సంఘ సభకు విన్నవించవచ్చును. పునర్వివాహం విషయంలో మాత్రం తేడా గమనించవలెను. వితంతువులకు మరణ ధ్రువపత్రం చాలును. విడిపోయినవారికి కోర్టు డిక్రీ తప్పనిసరి. సంఘ న్యాయస్థానం వివాహం చెల్లదని చెప్పినంత మాత్రాన పౌరచట్టం దృష్టిలో అది రద్దు కాదని సుప్రీంకోర్టు 1996లో తీర్పు ఇచ్చినది. ఊరి పెద్దల సమక్షంలో వ్రాసుకొన్న విడాకుల కాగితం సంగతి వేరే చెప్పాలా?

పెండ్లి కోసమని బాప్తిస్మం పొందే సందర్భాలలో తొందర పనికిరాదు. ఒడిశాలో 1967 నాటి మత స్వాతంత్ర్య చట్టం, 1989 నాటి నియమాల ప్రకారం మతం మారేవారు ముందుగా మేజిస్ట్రేటు ఎదుట ప్రకటించవలెను, గురువు కూడా ముందస్తు సమాచారం ఇవ్వవలెను. మతం మారకుండానే వివాహం చేసుకోదలచినవారికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉన్నది. దానికి ముప్పై రోజుల నోటీసు అవసరం.

పెండ్లి అయిన తరువాత మిగిలిన పనులు రెండు. ఒకటి, పెండ్లి జరిగిన రాష్ట్రపు నియమాల ప్రకారం రిజిస్ట్రేషను. తమిళనాడులో 2009 చట్టం ప్రకారం 90 రోజులలోగా చేయించవలెను. రెండవది, వధువు సభ్యత్వ బదిలీ. వడిబియ్యంతో పాటు ఆ ఉత్తరాన్ని కూడా పెట్టెలో పెట్టి పంపే తల్లిని మా గ్రామంలో ఒక్కరినే చూశాను. ఆ అమ్మాయి అత్తవారింటికి వెళ్ళిన మొదటి ఆదివారమే ఆమె పేరు అక్కడి పుస్తకంలో ఎక్కినది.