ఐ.టి. అవుట్‌సోర్సింగ్ - మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల సాంకేతిక విద్య

ఐ.టి. అవుట్‌సోర్సింగ్ అనగా ఒక దేశంలోని సంస్థ తనకు అవసరమైన సాఫ్ట్‌వేరు తయారీ, నిర్వహణ, పరీక్ష, సమాచార నమోదు వంటి పనులను ఖర్చు తగ్గించుకొనుటకు మరొక దేశంలోని సంస్థకు అప్పగించడం. 1990 దశకం చివరి నుండి అమెరికా, ఐరోపా దేశాల పని పెద్దయెత్తున బెంగళూరు, హైదరాబాదు, చెన్నై నగరాలకు చేరినది. ఉమ్మడి చిత్తూరు జిల్లా పశ్చిమ భాగంలోని మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలకు ఈ పని నేరుగా రాలేదు. అయితే బెంగళూరులో లభించే ఉద్యోగాలను దృష్టిలో ఉంచుకొని ఇక్కడి సాంకేతిక విద్య రూపు మార్చుకొన్నది. ఏ కోర్సుకు గిరాకీ ఉండవలెనో దూరదేశాల వ్యాపార పరిస్థితులు నిర్ణయించడం, చదువుకొన్నవారు ఊరు విడిచి వెళ్ళడం ఈ మార్పులోని ముఖ్య లక్షణాలు.

నేపథ్యం

మదనపల్లెకు విద్యాకేంద్రంగా పాత పేరు ఉన్నది. అనీ బిసెంట్ 1915లో ఇక్కడ స్థాపించిన కళాశాల బి.టి. కళాశాలగా ప్రసిద్ధి చెందినది. రవీంద్రనాథ్ టాగూరు 1919లో ఈ కళాశాలకు వచ్చినపుడు జనగణమన గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించినారు. మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో ఏర్పడిన రిషివ్యాలీ పాఠశాల కూడా ఈ పట్టణానికి సమీపంలోనే ఉన్నది. కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడినది. ఈ సంస్థలు ప్రధానంగా భాషలు, కళలు, మౌలిక శాస్త్రాలు, ఉదారవిద్య కొరకు ఏర్పడినవి. ఇంజనీరింగు చదువుకు మాత్రం ఈ ప్రాంత విద్యార్థులు చాలాకాలం తిరుపతి, అనంతపురం వంటి దూరపు పట్టణాలకు వెళ్ళవలసి వచ్చెడిది.

మూడు పట్టణాలకూ బెంగళూరు దగ్గరి మహానగరం. మదనపల్లె నుండి చింతామణి, హోస్కోటె మీదుగా బస్సులు నడుస్తాయి. దూరం సుమారు 120 కిలోమీటర్లు. కుప్పం బెంగళూరు - జోలార్‌పేట రైలు మార్గంపై ఉన్నది. రైలు మార్గం లేని పుంగనూరు ప్రజలు రహదారిపైనే ఆధారపడతారు. రాష్ట్ర రాజధాని కంటె పొరుగు రాష్ట్ర రాజధాని దగ్గరగా ఉండుట వలన ఇక్కడి యువకుల చూపు మొదటి నుండి బెంగళూరు వైపే ఉన్నది.

ఇంజనీరింగు కళాశాలల రాక

పాత కంప్యూటరు ప్రోగ్రాములలో సంవత్సరాన్ని చివరి రెండు అంకెలతో మాత్రమే నమోదు చేసెడివారు. 2000 సంవత్సరం వచ్చిన వెంటనే అవి తప్పు లెక్కలు చూపునను భయంతో అమెరికా సంస్థలు కోట్ల వరుసల ప్రోగ్రాములను సరిచేయించవలసి వచ్చినది. ఈ పనికి భారతీయ సంస్థలు వేలమందిని నియమించుకొన్నవి. అమెరికా హెచ్-1బి వీసాల వార్షిక పరిమితి 2001 నుండి 2003 వరకు 1,95,000కు పెరిగినది. హైదరాబాదు హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్ 1998 నవంబరులో ప్రారంభమైనది. సాఫ్ట్‌వేరు ఉద్యోగం అన్నమాట పల్లెలలో కూడా వినబడసాగినది.

ఈ కాలంలోనే 1998లో మదనపల్లె సమీపాన అంగళ్లు వద్ద మదనపల్లె ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ సైన్స్ స్థాపించబడినది. ఇది మిట్స్ అను పేరుతో ప్రసిద్ధము. 2001లో కుప్పం ఇంజనీరింగు కళాశాల ఏర్పడినది. తరువాతి సంవత్సరాలలో అంగళ్లు పరిసరాలలో మరికొన్ని ప్రైవేటు కళాశాలలు వెలసినవి. ఈ కళాశాలలు తొలుత హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండెడివి. 2008లో ఆ విశ్వవిద్యాలయాన్ని విభజించగా రాయలసీమ కళాశాలలు అనంతపురం విశ్వవిద్యాలయం పరిధిలోకి వచ్చినవి. 2013లో కలికిరిలో ఆ విశ్వవిద్యాలయమే స్వయంగా ఒక ఇంజనీరింగు కళాశాలను నెలకొల్పినది.

2008 ప్రాంతంలో రాష్ట్ర ప్రభుత్వం బోధన రుసుముల చెల్లింపు పథకాన్ని విస్తరించడంతో రైతు, నేత, కూలి కుటుంబాల పిల్లలు ఇంజనీరింగులో చేరడం సులభమైనది. అనేక కుటుంబాలలో మొదటి పట్టభద్రుడు ఇంజనీరే అయినాడు. అవుట్‌సోర్సింగ్ వలన ఈ ప్రాంతానికి కలిగిన మేలులో ఇది ముఖ్యమైనది.

కుప్పం ఐ-కమ్యూనిటీ

2002 ఫిబ్రవరిలో హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ అను మూడు సంవత్సరాల పథకాన్ని ప్రకటించినవి. అప్పటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు 1989 నుండి కుప్పం శాసనసభ్యులు. పథకం కుప్పం ప్రాంతంలోని ఐదు మండలాలకు చెందిన సుమారు 3 లక్షల జనాభాను ఉద్దేశించినది. గ్రామాలలో సమాచార కేంద్రాలు తెరచి కంప్యూటరు శిక్షణ, ప్రభుత్వ సేవలు, వ్యవసాయ సమాచారం అందించినారు. కొందరు గ్రామీణ మహిళలకు డిజిటల్ కెమేరా, సౌరశక్తితో నడిచే ముద్రణ యంత్రం ఇచ్చి ఛాయాచిత్రకారులుగా తీర్చిదిద్దినారు.

ఇది అవుట్‌సోర్సింగ్ కాదు. అయినను ప్రపంచస్థాయి సంస్థ ఒకటి చిన్న పట్టణానికి స్వయంగా రావడం, ఊరివారిని ఊరిలోనే ఉంచి సాంకేతికత నేర్పడం దీని ప్రత్యేకత. హెచ్.పి. దీనిని తన కొత్త పరికరాలకు సజీవ ప్రయోగశాలగా కూడా భావించినది. నిర్ణీత గడువు 2005లో ముగియగా సంస్థ తప్పుకొన్నది. అదే కాలంలో కుప్పం ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు నాలుగేళ్ళ చదువు ముగించి నగరాలకు బయలుదేరసాగినారు. ఊరిలో ఉండి నేర్చుకొనే మార్గం పథకం గడువుతో పరిమితమైనది. ఊరు విడిచేందుకు నేర్చుకొనే మార్గం మాత్రం స్థిరపడినది.

పాఠ్యాంశాలపై ప్రభావం

అవుట్‌సోర్సింగ్ సంస్థలు ఏటా పెద్దసంఖ్యలో కొత్త పట్టభద్రులను ప్రాంగణ నియామకాల ద్వారా తీసుకొంటాయి. వీటిలో చాలా నియామకాలకు ఫలానా శాఖ చదివి ఉండవలెనను నియమం లేదు. తార్కిక పరీక్ష, ఆంగ్ల సంభాషణ, ప్రోగ్రాముల ప్రాథమిక జ్ఞానం చూసి ఎంపిక చేసి, అసలు శిక్షణను సంస్థలోనే ఇస్తారు. ఇందువలన కళాశాలలలో రెండు చదువులు సమాంతరంగా నడుస్తాయి. ఒకటి విశ్వవిద్యాలయం నిర్ణయించిన పాఠ్యక్రమం, రెండవది నియామక పరీక్షల తయారీ. యంత్రశాస్త్రం చదివే విద్యార్థి కూడా చివరి సంవత్సరాలలో సి, జావా భాషలు నేర్చుకోవడం సాధారణమైనది.

2005లో వెలువడిన నాస్కామ్ - మెకిన్సీ నివేదిక భారతీయ ఇంజనీర్లలో నలుగురిలో ఒకరు మాత్రమే బహుళజాతి సంస్థలలో ఉద్యోగానికి తగినవారని అంచనా వేసినది. ఇన్ఫోసిస్ సంస్థ 2004లో క్యాంపస్ కనెక్ట్ పేరుతో కళాశాల అధ్యాపకులకు, విద్యార్థులకు తన శిక్షణాంశాలను అందించే కార్యక్రమం ఆరంభించినది. రాష్ట్ర ప్రభుత్వం జవహర్ నాలెడ్జ్ సెంటర్లను నెలకొల్పి, వాటిని డిగ్రీ కళాశాలలకు కూడా విస్తరించినది. 2014లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ నైపుణ్యాభివృద్ధి సంస్థ అటువంటి శిక్షణను చేపట్టినది.

ఈ ప్రాంత విద్యార్థులకు అసలు అవరోధం చాలావరకు ప్రోగ్రాము రచన కాదు, ఆంగ్ల సంభాషణ. కుప్పం మూడు రాష్ట్రాల కూడలి అగుటచే ఇక్కడి పిల్లలు తెలుగుతోపాటు తమిళం, కన్నడం సులభంగా మాట్లాడతారు. నియామక పరీక్షలలో ఈ బహుభాషా జ్ఞానానికి విలువ లేదు. తెలుగు మాధ్యమంలో పదవ తరగతి చదివిన విద్యార్థి లెక్కలలో ముందుండి కూడా ముఖాముఖిలో వెనుకబడుట తరచుగా జరుగుతుంది. డిగ్రీ పొందినవారు బెంగళూరులోని మారతహళ్ళి, బి.టి.ఎం. లేఔట్ ప్రాంతాలలోనో, హైదరాబాదు అమీర్‌పేటలోనో వసతిగృహాలలో ఉండి నెలల తరబడి మరల శిక్షణ పొందడం పరిపాటి. ఈ ఖర్చు రుసుముల చెల్లింపు పథకంలోనికి రాదు. తల్లిదండ్రులే భరించవలెను.

పుంగనూరు పరిస్థితి

పొట్టి జాతి ఆవులకు పేరొందిన పుంగనూరు, మదనపల్లెకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. శుభారాం ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఇక్కడి ముఖ్య ఉన్నత విద్యాసంస్థ. ఇంజనీరింగు కొరకు విద్యార్థులు మదనపల్లె, పలమనేరు, కలికిరి, చిత్తూరు, తిరుపతి వైపు వెళ్ళుదురు. ఇంటి నుండి రోజూ బస్సులో వెళ్ళి రాగల కళాశాల ఉన్నదా లేదా అన్నది ముఖ్యంగా ఆడపిల్లల చదువును నిర్ణయిస్తుంది. కాలేజీ బస్సు వచ్చే ఊరి అమ్మాయి ఇంజనీరు కాగలదు. రాని ఊరి అమ్మాయి దగ్గరి డిగ్రీతో సరిపెట్టుకొనవలసి వచ్చును. డిగ్రీ కంప్యూటర్స్ విద్యార్థులకు ఒకప్పుడు ఎం.సి.ఏ. ప్రధాన మార్గంగా ఉండెడిది. ఇంజనీరింగు సీట్లు పెరిగిన కొలది దాని ఆదరణ తగ్గినది.

నాలుగేళ్ళ వ్యవధి

విద్యార్థి సీటు ఎన్నుకొనేది పదిహేడేళ్ళ వయసులో, నాటి గిరాకీని బట్టి. చదువు పూర్తయ్యేది నాలుగేళ్ళకు. ఈలోగా పని ఇచ్చే దేశాల పరిస్థితి మారిపోవచ్చును. 1998లో చేరిన విద్యార్థి 2002లో బయటకు వచ్చేసరికి అమెరికాలో డాట్‌కామ్ సంస్థల పతనం వలన నియామకాలు పడిపోయినవి. 2005లో మంచి రోజులు చూసి చేరినవారు 2009లో ప్రపంచ ఆర్థిక మాంద్యాన్ని, సత్యం కుంభకోణం అనంతర పరిస్థితిని ఎదుర్కొన్నారు. 2021లో కోవిడ్ అనంతర నియామకాల ఉధృతిని చూసి చేరినవారు 2025లో పట్టభద్రులైనారు. అప్పటికి పరిస్థితి తిరగబడినది. 2023-24 ఆర్థిక సంవత్సరంలో టి.సి.ఎస్., ఇన్ఫోసిస్, విప్రో సంస్థలలో కలిపి సుమారు 64 వేలమంది ఉద్యోగులు తగ్గినారు. 2025 జూలైలో టి.సి.ఎస్. సుమారు 12 వేలమందిని తొలగించనున్నట్లు ప్రకటించినది. అదే సంవత్సరం సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించినది.

ఈ సంస్థలలో కొత్తగా చేరేవారి వార్షిక వేతనం దశాబ్దానికి పైగా 3 - 3.5 లక్షల రూపాయల స్థాయిలోనే నిలిచిపోయినది. బెంగళూరు ఇంటి అద్దెలు మాత్రం నిలువలేదు. కృత్రిమ మేధ సాధనాలు రావడంతో కొత్తవారికి ఇచ్చెడి చిన్న పనులే, అనగా ప్రోగ్రాముల పరీక్ష, సమాచార నమోదు వంటివి, ముందుగా తగ్గుతున్నవి. అయినను 2024-25 నుండి అఖిల భారత సాంకేతిక విద్యామండలి అర్హత గల కళాశాలలకు సీట్ల గరిష్ఠ పరిమితిని తొలగించడంతో కంప్యూటరు శాఖలు పెంచుకొనుటకు అవకాశం కలిగినది. ఈ మొగ్గు వలన సివిల్, మెకానికల్ వంటి శాఖలకు ఆదరణ తగ్గుతున్నది.

అధ్యాపకుల కొరత

ప్రతిభ గల పట్టభద్రుడు నగరంలో ఉద్యోగంలో చేరిపోవుట వలన చిన్న పట్టణాల కళాశాలలకు అనుభవజ్ఞులైన కంప్యూటరు అధ్యాపకులు దొరకుట కష్టం. ఉద్యోగం కొరకు ఎదురుచూస్తున్న యువ పట్టభద్రులు తాత్కాలికంగా బోధనలో చేరి, అవకాశం రాగానే వెళ్ళిపోతారు. నియామకాలు మందగించిన సంవత్సరాలలో బోధకులు సులభంగా లభించుట, ఊపందుకొన్నపుడు తరగతులు ఖాళీ అగుట దీని విపరీత పరిణామం.

పనిని ఊరికి తెచ్చే ప్రయత్నాలు

బైర్రాజు ఫౌండేషన్ 2005 - 06 ప్రాంతంలో పశ్చిమ గోదావరి జిల్లా జల్లికాకినాడలో గ్రామ్‌ఐటి అను గ్రామీణ సేవా కేంద్రాన్ని ఆరంభించినది. సత్యం సంస్థ అధిపతి కుటుంబం స్థాపించిన ఈ ఫౌండేషన్ 2009 తరువాత ఇబ్బందులలో పడినది. కర్ణాటకలో తెలుగు విరివిగా మాట్లాడే బాగేపల్లిలో రూరల్‌షోర్స్ సంస్థ తన తొలి కేంద్రాన్ని నెలకొల్పినది. ఈ కేంద్రాలలో పదవ తరగతి, ఇంటర్మీడియట్, డిగ్రీ చదివినవారు కూడా సమాచార నమోదు వంటి పనులు చేయగలరని రుజువైనది.

2020లో కోవిడ్ వలన ఇంటి నుండి పని మొదలైనపుడు వేలాది ఉద్యోగులు సొంత ఊళ్ళకు చేరి అక్కడి నుండే పనిచేసినారు. 2025 నాటికి తన ఉద్యోగులలో 25 శాతం మంది మాత్రమే ఒక సమయంలో కార్యాలయంలో ఉంటే చాలునని టి.సి.ఎస్. 2020లో ప్రకటించినది. అయితే 2023 అక్టోబరులో వారానికి ఐదు రోజులు కార్యాలయానికి రావలెనని కోరినది. చిన్న పట్టణాలకు పని నిలకడగా వచ్చే అవకాశం దానితో సన్నగిల్లినది.

స్థానిక అవసరాలు

మదనపల్లె టమాటా మార్కెట్టు ఆసియాలోని పెద్ద మార్కెట్లలో ఒకటిగా పేరొందినది. ధర పడిపోయినపుడు రైతులు పంటను రోడ్డుపై పారబోయడం ఇక్కడ పలుమార్లు జరిగినది. నీరుగట్టువారిపల్లె పట్టు మగ్గాలకు ప్రసిద్ధి. కుప్పం ప్రాంతంలో పట్టుపురుగుల పెంపకం, గ్రానైటు, పుంగనూరు పరిసరాలలో పాడి, మామిడి ముఖ్య జీవనాధారాలు. ధరల ముందస్తు అంచనా, శీతల నిల్వ, మగ్గాల ఆధునికీకరణ, భూగర్భజలాల కొలత ఇవన్నియు సాంకేతిక విద్యకు తగిన సమస్యలే. ఇక్కడి కళాశాలలలో ఏటా నాలుగవ సంవత్సరం విద్యార్థులు ప్రాజెక్టులు చేయవలసియున్నది. ఆ ప్రాజెక్టులు ఈ సమస్యలను చేపట్టినచో ప్రపంచంలో ఎక్కడ మాంద్యం వచ్చినను ఇక్కడి చదువు పూర్తిగా నిరుపయోగం కాదు.

ఇవి కూడా చూడండి

మదనపల్లె
పుంగనూరు
కుప్పం
ద్రావిడ విశ్వవిద్యాలయం
జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం, అనంతపురం