ఎక్కి నడిపే సూట్‌కేస్‌తో విమాన ప్రయాణమా? కొనేముందే బ్యాటరీ సంగతి తేల్చుకోండి

ఎయిర్‌పోర్టులో అందరూ సామాన్లు ఈడ్చుకుంటూ నడుస్తుంటే, ఒకరు మాత్రం సూట్‌కేస్ మీద కూర్చుని స్కూటర్‌లా దూసుకుపోయే రీల్స్ మీరూ చూసే ఉంటారు. చిన్న మోటారు, హ్యాండిల్, కింద చక్రాలు, లోపల లిథియం అయాన్ బ్యాటరీ. కొన్ని మోడళ్లు గంటకు 13 కిలోమీటర్ల వేగం వరకూ వెళ్తాయి. ఆన్‌లైన్‌లో మన దగ్గరా దొరుకుతున్నాయి. చిక్కంతా విమానం ఎక్కేటప్పుడే. మీరు ఈ పెట్టె కొనాలనుకుంటున్నా, ఇప్పటికే కొనేసి శంషాబాద్‌కో గన్నవరానికో బయల్దేరుతున్నా, ముందు చూడాల్సింది రంగూ సైజూ కాదు, బ్యాటరీ.

అది చేత్తో బయటకు వస్తుందా, రాదా? అన్నిటికంటే ముందు తేలాల్సింది ఇదే. బ్యాటరీని తీయడానికి వీల్లేని స్మార్ట్ సూట్‌కేస్‌ను లగేజీగా ఇవ్వడానికీ, క్యాబిన్‌లోకి తీసుకెళ్లడానికీ కూడా విమానయాన సంస్థలు ఒప్పుకోవు. అంతర్జాతీయ విమానయాన సంఘం ఐఏటీఏ నిబంధనల్లో దీనికి ఒక్క మినహాయింపు ఉంది: 2.7 వాట్ అవర్ దాటని బుల్లి బ్యాటరీలకు. పెట్టె ఎక్కడుందో చెప్పే ట్రాకర్‌కు అది సరిపోతుంది గానీ, మనిషిని మోసే మోటారుకు చాలదు. అమెరికాలోని పెద్ద ఎయిర్‌లైన్స్ 2018 జనవరి నుంచే ఈ నియమాన్ని అమలు చేస్తున్నాయి. ఆ దెబ్బకు బ్లూస్మార్ట్ అనే స్మార్ట్ సూట్‌కేసుల కంపెనీ అదే ఏడాది మూతపడింది. దాని బ్యాటరీలు తీయడానికి వచ్చేవి కావు మరి.

ఇంత పట్టుదల ఎందుకంటే, లిథియం బ్యాటరీ లోపల షార్ట్ అయితే తనంతట తానే వేడెక్కుతూ, పక్క సెల్‌ను కూడా అంటిస్తూ పోతుంది. సామాన్ల అరలో ఉండే మంటలార్పే వాయువు ఆ గొలుసును పూర్తిగా ఆపలేదు. అదే క్యాబిన్‌లో అయితే పొగ కనిపించగానే సిబ్బంది నీళ్లు పోసి చల్లబరచగలరు. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని బుసాన్‌లో ఎయిర్ బుసాన్ విమానం బయల్దేరకముందే తగలబడింది. పైఅరలో పెట్టిన ఓ పవర్ బ్యాంక్ కారణమై ఉండొచ్చని దర్యాప్తులో తేలింది. లోపల ఉన్న 176 మందినీ బయటకు తెచ్చారు. అదే గాల్లో ఉండగా జరిగి ఉంటే?

బ్యాటరీ బయటకు వస్తుందని తేలాక లెక్క చూడాలి. దాని మీద డబ్ల్యూహెచ్ అనో, వాట్ అవర్స్ అనో ఒక అంకె ఉంటుంది. 100 లోపు ఉంటే సాధారణంగా ఇబ్బంది లేదు. 100 నుంచి 160 వరకూ అయితే ఎయిర్‌లైన్ ముందస్తు అనుమతి కావాలి, అలాంటివి విడిగా రెండుకు మించకూడదు. 160 దాటితే ప్రయాణికుల విమానంలో చోటు లేదు. అంకె నేరుగా రాయకపోతే వోల్టులను యాంపియర్ అవర్లతో గుణించండి. ఉదాహరణకు 36 వోల్టులు, 2 యాంపియర్ అవర్లు అయితే 72. ఎంఏహెచ్‌లో ఇచ్చి ఉంటే ముందు వెయ్యితో భాగించాలి. బాగా అమ్ముడయ్యే ఎయిర్‌వీల్ ఎస్ఈ3ఎస్ బ్యాటరీ 73.26 వాట్ అవర్లు, పైగా తీయడానికి వస్తుంది. కాబట్టి అన్నీ చెడ్డవని కాదు. స్టిక్కర్ చెరిగిపోయి అంకె కనిపించకపోతే మాత్రం చెకింగ్‌లో మీ మాట చెల్లదు. లేబుల్‌కు ఇప్పుడే ఒక ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి, కౌంటర్ దగ్గర చూపించడానికి పనికొస్తుంది.

'బ్యాటరీ తీయొచ్చు కదా, ఇక క్యాబిన్‌లోకే తీసుకెళ్తా' అనుకుంటే మన దేశంలో ఇంకో మెలిక ఉంది. దేశీయ విమానాల్లో ఎకానమీ ప్రయాణికుడికి సాధారణంగా ఒక్క క్యాబిన్ బ్యాగే, అదీ 7 కిలోల లోపే. మోటారు, లోహపు చట్రం వల్ల ఈ పెట్టెల్లో చాలావాటి ఖాళీ బరువే ఆ పరిమితిని దాటేస్తుంది. అందులో ఒక జత బట్టలు పెట్టకముందే మీరు ఓడిపోయారన్నమాట! అంటే చివరికి చాలామంది దాన్ని చెకిన్ చేయాల్సిందే. అప్పుడు బ్యాటరీని తీసి మీ చేతి సంచిలో ఉంచుకోవాలి. దాని లోహపు కొసలకు ఇన్సులేషన్ టేపు అంటించి, విడిగా ఒక కవర్‌లో పెట్టండి. తాళాలు, చిల్లర ఉన్న జేబులో వేయొద్దు. సెక్యూరిటీ దగ్గర ల్యాప్‌టాప్, పవర్ బ్యాంక్‌తో పాటు దీన్నీ ట్రేలో పెట్టండి.

గేటు దగ్గర జాగ్రత్త మరీ ముఖ్యం. పైఅరలు నిండిపోయాయని చివరి నిమిషంలో మీ పెట్టెకు ట్యాగ్ వేసి కిందకు పంపుతుంటారు. బ్యాటరీ బట్టల అడుగున ఉన్నా, తీయడానికి స్క్రూడ్రైవర్ కావాల్సి వచ్చినా అక్కడ మీరు ఇరుక్కుంటారు. స్క్రూడ్రైవర్ సెక్యూరిటీ దాటి రావడమే కష్టం. ఒక్కసారి ఇంట్లోనే బ్యాటరీ తీసి పెట్టి చూసుకోండి.

ఇన్ని పాటించినా ఎయిర్‌లైన్ వద్దనొచ్చు. హోవర్‌బోర్డుల్లాంటి బుల్లి వాహనాలను చాలా సంస్థలు బ్యాటరీ చిన్నదైనా సరే ఒప్పుకోవు. ఎక్కి నడిపే సూట్‌కేస్ బ్యాగా, వాహనమా అన్నది అందరూ ఒకేలా చూడరు. అందుకే మోడల్ పేరు, వాట్ అవర్లు, ఫొటో జతచేసి ఎయిర్‌లైన్‌కు ఈమెయిల్ పంపండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్‌లో 'ఓకే సార్' అన్నదాన్ని కౌంటర్‌లో ఎవరూ లెక్కచేయరు. హైదరాబాద్ నుంచి దుబాయ్, దోహాల మీదుగా అమెరికా వెళ్లేవారు దారిలో ఎక్కే ప్రతి ఎయిర్‌లైన్ నియమమూ చూసుకోవాలి. లేదంటే సాగనంపడానికి వచ్చినవాళ్ల చేతికి పెట్టె ఇచ్చేసి, బట్టలు సంచుల్లో సర్దుకోవాల్సి వస్తుంది.

ఇక దిగాక నడపొచ్చా? దేశాన్ని బట్టి ఉంటుంది. జపాన్‌లో పోలీసులు దీన్ని మోపెడ్ కింద లెక్కేస్తారు: లైసెన్స్, నంబర్ ప్లేట్, హెల్మెట్ ఉండాలి. 2024లో ఒసాకాలో ఫుట్‌పాత్ మీద నడిపిన ఓ చైనా మహిళపై లైసెన్స్ లేకుండా వాహనం నడిపారని కేసు పెట్టారు. లోపల నడపొద్దని అక్కడి కన్సాయ్, చుబు విమానాశ్రయాలు కూడా ప్రయాణికులను కోరాయి. మన టెర్మినళ్లలోనూ సిబ్బంది వద్దంటే దిగి లాక్కెళ్లడమే మర్యాద. పిల్లలూ పెద్దవాళ్లూ తిరిగేచోట గంటకు 13 కిలోమీటర్లు తక్కువ వేగమేమీ కాదు.

మోకాళ్ల నొప్పులున్న అమ్మకో నాన్నకో ఇది పనికొస్తుందని కొంటున్నారా? వద్దు. బ్యాటరీతో నడిచే వీల్‌చైర్లకు నిబంధనల్లో ప్రత్యేక సడలింపు ఉంది, తీయగలిగే బ్యాటరీ 300 వాట్ అవర్ల వరకూ ఉండొచ్చు. సూట్‌కేస్‌కు అది వర్తించదు. పైగా వెనక ఆనుకోవడానికి ఏమీ ఉండదు, దిగేటప్పుడు తూలితే పట్టుకునేవారు ఉండరు. టికెట్ తీసుకునేటప్పుడే, కనీసం 48 గంటల ముందు, ఎయిర్‌లైన్‌కు వీల్‌చైర్ కావాలని చెప్పండి. గేటు దాకా తీసుకెళ్లే మనిషీ వెంట ఉంటారు.

కొనేటప్పుడు 'ఎయిర్‌లైన్ అప్రూవ్డ్' అన్న ముద్రను నమ్మకండి. ఎయిర్‌లైన్స్ అన్నీ కలిసి అలా మోడళ్లకు ఇచ్చే ఆమోదం ఏదీ లేదు, అది అమ్మేవారి మాటే. బ్యాటరీ తీయొచ్చని రాసి, తీయలేనిది పంపితే వెనక్కి తీసుకోవాల్సిన బాధ్యత వాళ్లదే. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు ఆ మాటే చెబుతున్నాయి. ప్రకటన స్క్రీన్‌షాట్, బిల్లు దాచుకోండి. కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.