ఆనకట్ట ఊరి నుంచి రంగూన్ రేవుకు

బయటివాళ్లు వచ్చి ఊరు పాడైపోతోందని మా ధవళేశ్వరంలో ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. ఈ ఊరికి పేరు తెచ్చిన గోదావరి ఆనకట్టే పరాయివాడి ఆలోచన. ఇంగ్లీషు ఇంజనీరు ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టిన పని 1852కి పూర్తయింది. రాయి మా కొండలది, దాన్ని మోసింది వేలమంది కూలీలు. కాటన్‌కు కుడిభుజం వీణెం వీరన్న. కంపెనీ సర్కారు చూసుకున్నది శిస్తు లాభమే, కాదనను. అయినా రైతులు కాటన్ విగ్రహానికి ఇప్పటికీ దండలు వేస్తారు.

అదే 1852లో ఇంగ్లీషువాళ్లు దిగువ బర్మాను ఆక్రమించారు. ఇక్కడ ఆనకట్ట కాలువలు పారితే మాత్రం, సెంటు భూమి లేనివాడికి ఒరిగేదేముంది? మనవాళ్లు కోరంగి, కాకినాడ రేవుల్లో బర్మా ఓడలెక్కారు. రంగూన్‌లో బియ్యం మిల్లుల్లో పనిచేశారు, బస్తాలు మోశారు, రిక్షాలు లాగారు. ఆ నగరం వాళ్ల చెమట మీదే నడిచింది.

1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. యజమానులు వాళ్ల బదులు బర్మా కూలీలను దింపారు. సమ్మె తీరగానే ఆ బర్మా కూలీలను పొమ్మన్నారు. వాళ్ల కోపం తగలాల్సింది యజమానులకు. తగిలింది మాత్రం తెలుగు కూలీలకు. వీధుల్లో ఎన్నో ప్రాణాలు పోయాయి. 1942లో జపాను సేనలు వస్తే లక్షలమంది భారతీయులు బర్మా వదిలారు, ఎందరో కొండలు, అడవులు నడిచి దాటారు.

అప్పుడు రంగూన్‌లో బయటివాళ్లం మనమే. ఇప్పుడు డాలస్‌లో ఉన్న మన పిల్లలకు ఏ మర్యాద దక్కాలనుకుంటామో, పని వెతుక్కుంటూ మన గడప తొక్కినవాడికీ అదే ఇద్దాం.