అంతర్జాలము - బాలల రక్షణ: ఒక సంతకపు చరిత్ర

పూర్వము పల్లెలో బిడ్డ వీధిలో ఆడుకొనుచుండగా ప్రత్యేకముగా కాపలా అవసరము లేకుండెను. అరుగుమీది తాత, ఎదురింటి పిన్నమ్మ, దుకాణము వాడు, బడి పంతులు - ఇందరి చూపు బిడ్డపై నుండెడిది. కొత్త మనిషి వీధిలోనికి వచ్చినచో క్షణములో నలుగురికి తెలిసెడిది. అంతర్జాలమను వీధికి అరుగులు లేవు. అందు బిడ్డ ఎవరితో మాట్లాడుచున్నదో ప్రక్క గదిలోని తల్లికైనను తెలియదు. ఇంటిలో పెద్దలిద్దరున్నప్పుడే కష్టమైన ఈ కాపలా, పగలెల్ల పనిచేసి ఒంటరిగా బిడ్డలను పెంచుకొను తల్లికో, తండ్రికో మరింత భారమగును. ఈ భారమును తగ్గించుటకు గడచిన ముప్పదియేండ్లలో శాస్త్రజ్ఞులును, శాసనకర్తలును చేసిన యత్నములు తెలిసికొనదగినవి.

చీటీల పద్ధతి

వరల్డ్ వైడ్ వెబ్‌కు 1989లో జెనీవా సమీపమునగల సెర్న్ పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్-లీ రూపకల్పన చేసెను. 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ దానిని ఎల్లరకు ఉచితముగా విడిచిపెట్టెను. భారతదేశమున సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగష్టు 15న లభించినది. శాస్త్రజ్ఞులకై పుట్టిన సాధనము ఇండ్లలోనికి వచ్చినంతనే బాలల ప్రశ్న తలయెత్తెను.

అమెరికా 1996లో ఒక చట్టము చేసి, పదునెనిమిదేండ్ల లోపువారికి అసభ్య విషయములను అంతర్జాలము ద్వారా అందించుట నేరమనెను. ఇది పెద్దల వాక్స్వాతంత్ర్యమునకు భంగకరమని ఆ దేశపు సుప్రీంకోర్టు 1997 జూన్ 26న ఆ నిబంధనలను కొట్టివేసెను. ఇంటివారు తామే అమర్చుకొను వడపోత సాధనములు అంతకంటె మేలను వాదము బలపడెను.

అట్టి సాధనములకు ఆధారముగా వెబ్ ప్రమాణముల సంస్థ ‘పిక్స్’ అను పద్ధతిని 1996 నాటికి సిద్ధపరచెను. మందుసీసాపై చీటీ ఉన్నట్లే, ప్రతి పుటకును అందలి హింస, అసభ్యతల మోతాదును తెలుపు అంకెల చీటీ ఉండును. బ్రౌజరు ఆ అంకెలను చదివి, ఇంటివారు ఏర్పరచిన హద్దు దాటినచో పుటను చూపదు. ఊహ మంచిదే కాని, చీటీ అంటించుట పుటను వ్రాసినవారి యిష్టము. పెక్కు పుటలకు చీటీయే లేకపోయెను. చీటీ లేనివానిని మూసినచో మంచి పుటలును పోవును. తెరచినచో రక్షణయే పోవును. కావున ఆ పద్ధతి క్రమముగా మూలబడెను.

సంతకపు పద్ధతి

రెండవ మార్గము అంగీకారము. 1998 అక్టోబరు 21న అమెరికాలో వెలువడి, 2000 ఏప్రిల్ 21నుండి నియమములతో అమలైన చట్టము ప్రకారము, పదమూడేండ్ల లోపు పిల్లల వివరములు సేకరించుటకు ముందు తల్లిగాని తండ్రిగాని అనుమతి నీయవలెను. సంతకముచేసిన కాగితము తపాలాలో పంపుట, క్రెడిట్ కార్డు వినియోగించుట, ఫోనులో మాట్లాడుట మున్నగునవి ఇందుకు తొలినాటి మార్గములు. ఈ చట్టమును ఉల్లంఘించినదన్న ఆరోపణపై గూగుల్, యూట్యూబ్ సంస్థలు 2019లో 17 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనెను.

ఈ చట్టమునకు ఒక్కరి అనుమతియే చాలును. ఒంటరి తల్లికి ఈ చిన్న విషయము ఎంత పెద్దదో భారతదేశ చరిత్ర తెలుపును. రచయిత్రి గీతా హరిహరన్ తన కుమారుని పేర బాండ్లకై 1984లో సంరక్షకురాలిగా సంతకము చేయగా, తండ్రి సంతకము కావలెనని రిజర్వు బ్యాంకు తిప్పి పంపెను. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టము తండ్రి ‘తరువాత’ తల్లి అని చెప్పుటయే కారణము. ఆ మాటకు తండ్రి మరణానంతరమని కాక, తండ్రి ఆ బాధ్యతను వహింపనప్పుడును అని అర్థము చెప్పుకొనవలెనని 1999లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అవివాహిత తల్లి తండ్రికి నోటీసు పంపకయే సంరక్షకురాలు కావచ్చునని 2015లో మరియొక తీర్పు వెలువడెను.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్ల లోపువారి సమాచారమునకు తల్లి లేక తండ్రి, లేదా చట్టబద్ధ సంరక్షకుని ధ్రువపరచదగు అంగీకారము కావలెనన్నది. బిడ్డలను వెంబడించి గమనించుటను, వారిపై గురిపెట్టిన ప్రకటనలను నిషేధించినది. బాండుపై చెల్లని తల్లి సంతకము ఇట్లు ఫోను తెరపై చెల్లుబాటగు కాలము వచ్చినది.

వ్రేలిముద్రల పద్ధతి

అనుమతి నిచ్చిన తరువాత తెరవెనుక జరుగునది తల్లి చూడలేదు. ఇచ్చట గణితము తోడ్పడినది. 2009లో మైక్రోసాఫ్ట్ సంస్థయు, డార్ట్‌మత్ కళాశాలలోని హనీ ఫరీద్‌యు కలిసి ‘ఫొటోడీఎన్‌ఏ’ అను సాధనమును రూపొందించిరి. బాలలపై అత్యాచారమును చూపు చిత్రమును ఇది మొదట రంగులు తీసి, ఒక నిర్ణీత పరిమాణమునకు మార్చి, చిన్న గడులుగా విభజించును. ప్రతి గడిలోను వెలుగునీడలు మారు తీరును అంకెలలోనికి తెచ్చును. ఆ అంకెల వరుసయే చిత్రపు వ్రేలిముద్ర. చిత్రమును చిన్నది చేసినను, కొంత మార్చినను ముద్ర పెద్దగా మారదు. ముందే పట్టుబడిన చిత్రముల ముద్రలతో పోల్చి, మరల వ్యాపించువానిని కంపెనీలు పట్టగలవు.

అయితే ఈ యంత్రము ఎరిగిన చిత్రమునే గుర్తుపట్టును. స్నేహము నటించి, ‘అమ్మకు చెప్పవద్దు’ అని మెల్లగా దగ్గరకు చేరు అపరిచితుని మాటలకు ఇట్టి ముద్ర లేదు. భారతదేశములో 2008 నాటి సవరణ ద్వారా సమాచార సాంకేతిక చట్టమున చేరిన 67బి విభాగము బాలలను ఇట్లు వలలో వేసికొనుటను సైతము శిక్షార్హము చేసినది. కాని ఫిర్యాదు లేనిదే శిక్ష లేదు. బిడ్డ నోరు విప్పనిదే ఫిర్యాదు లేదు.

కావున చీటీ, సంతకము, ముద్ర - ఈ మూడింటి తరువాతను మిగిలిపోవునది బిడ్డ చెప్పుకొనగలిగిన ఒక మనిషి. చెప్పినచో తిట్టి ఫోను లాగుకొందురను భయమున్నచోట బిడ్డ చెప్పదు. ఒంటరి తల్లి పనిలోనుండు వేళలలో ఆ మనిషి మేనమామ కావచ్చును, అమ్మమ్మ కావచ్చును, పాఠశాల ఉపాధ్యాయుడు కావచ్చును. ఎవరును దొరకనప్పుడు 1098 అను బాలల సహాయ సంఖ్య కలదు. దానిని ప్రతి తరగతి గోడపై వ్రాసియుంచుట మేలు. పోయిన అరుగులను కొంతవరకైనను తిరిగి కట్టుట ఇట్లే సాధ్యమగును.